అన్నకు నలుపు, తమ్ముడికి తెలుపు

"కదలొద్దన్నానా! ఇంకొక్కసారి తల తిప్పారంటే కంట్లో గుచ్చుకుంటది."

ప్రేమకుమారి భర్త గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. ఆమె చేతిలో ముల్లు తీసే శ్రావణం ఉంది. పీట మీద కూర్చున్న బాలస్వామి పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాడు. పొద్దున్న ఆరింటి నుంచీ ఇదే పని. ఎడమ కనుబొమ్మ అయింది, కుడిది సగంలో ఉంది. పీకిన వెంట్రుకలు ఒళ్ళో పరిచిన పాత పేపరు మీద పడుతున్నాయి. ఒక్కొక్కటీ వేలి కణుపంత పొడుగు, తెల్లగా, మొండిగా ఉన్నాయి.

"పదింటికల్లా గేటు దగ్గరుండాలి," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"తెలుసు."

"వాడేమన్నా అన్నాడా?"

"ఏమంటాడు? నిన్న సాయంత్రం వచ్చిన కాణ్ణించీ ఆ వరండా దిగలా. కాఫీ ఇస్తే చల్లారబెట్టాడు. మీ తమ్ముడు, మీరే అడగండి."

బాలస్వామి అడగలేదు. అడిగితే జవాబు ఏమొస్తుందోనని భయం.

పది రోజుల కిందట ఫ్యాక్టరీలో పర్సనల్ మేనేజరు బల్ల మీద పడిన ఆకాశరామన్న ఉత్తరం ఈ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేకుండా చేసింది. అబద్ధాలతో నిండిన ఉత్తరమైతే రాసినవాణ్ణి నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్ళు. దాని దరిద్రమంతా ఏమిటంటే, అందులో ఉన్న ప్రతి ముక్కా నిజమే.

'మీ దగ్గర డేవిడ్‌రాజు అనే పేరుతో పనిచేస్తున్న మనిషి డేవిడ్‌రాజు కాదు. అతని అన్న బాలస్వామి. తమ్ముడి ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ పెట్టి ఉద్యోగంలో చేరాడు. మీ రికార్డులో అతనికి నలభై ఎనిమిది. అసలు వయసు యాభై ఏడు. అసలు డేవిడ్‌రాజు రెడ్డిగూడెంలో కూలికి పోతున్నాడు. నమ్మకం లేకపోతే మీ ఉద్యోగి కనుబొమ్మలు చూడండి.'

మేనేజరు చూశాడు. హెల్మెట్ తీయమని మరీ చూశాడు. తలకి బాలస్వామి నెలనెలా రంగేసుకుంటాడు, మీసానికి వారం వారం వేసుకుంటాడు. కనుబొమ్మల సంగతి ఏనాడూ పట్టించుకోలేదు. లోకంలో ఏ మగాడు పట్టించుకున్నాడు గనక? ఆ ఇంటి మగవాళ్ళకి వయసు ముందు అక్కడే బయటపడుతుంది. వాళ్ళ నాన్న యోహానుకి యాభై దాటాక కనుబొమ్మలు చూరు గడ్డిలా కళ్ళ మీదికి దిగాయి. బాలస్వామికీ అలాగే దిగాయి.

"నలభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇవేం కనుబొమ్మలయ్యా?" అన్నాడట మేనేజరు. "సోమవారం పదింటికి మీ అన్నని తీసుకురా. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూస్తాను. మీ ఆవిడ్నీ రమ్మను."

ఈ రోజే ఆ సోమవారం.

సెలూన్‌కి వెళ్ళే దారి లేదు. జగ్గయ్యపేటలో ఏ సెలూన్‌లో కూర్చున్నా పక్క కుర్చీలో ఫ్యాక్టరీ మనిషే ఉంటాడు. ఎంక్వయిరీ పెట్టుకుని డేవిడ్‌రాజు కనుబొమ్మలు దిద్దించుకున్నాడన్న కబురు గంటలో క్వార్టర్లన్నీ తిరిగొస్తుంది. అందుకని ఆ పని పెళ్ళాం నెత్తిన పడింది.

"ఒరేయ్ రాజూ," బాలస్వామి ఉండబట్టలేక కేకేశాడు. "లోపలికి రా, మాట్లాడాలి."

"ఇక్కణ్ణించి వినపడతానే ఉంది," వరండాలోంచి జవాబొచ్చింది.

"వినపడితే వచ్చి ఎదురుగా కూర్చో."

డేవిడ్‌రాజు వచ్చాడు. గుమ్మంలోనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ప్రేమకుమారి చేతిలో పని ఆపి మరిది మొహం చూసింది. మనిషికి నలభై ఎనిమిదే. ఎండలో నాట్లు, కోతలు, సరైన తిండి లేని పూటలు కలిసి అతన్ని అరవై దాటించాయి. చెంపలు లోపలికి పోయాయి. పాపిట దగ్గర వెంట్రుకలు పలచబడ్డాయి. యోహాను కనుబొమ్మలు మాత్రం అతనికి అందరికంటే ముందే వచ్చేశాయి. తెల్లగా, చిక్కుపడి, కొన్ని పైకి లేచి, కొన్ని రెప్పల మీదికి వాలి ఉన్నాయి.

ఆ మొహమే ఇప్పుడు బాలస్వామికి కావాలి.

"నువ్వు పెద్దగా చెప్పేదేం లేదు," అన్నాడు బాలస్వామి. "నా పేరు బాలస్వామి, వీడు నా తమ్ముడు డేవిడ్‌రాజు అను. వయసు యాభై ఏడను. అంతే."

"అంతేనా?"

"చదువుకోలేదని చెప్పు. సంతకం అడిగితే వేలిముద్ర వెయ్యి. టీసీలో పుట్టుమచ్చలు రాయలేదు గాబట్టి వాళ్ళ దగ్గర ఇంకో రుజువు లేదు. మన మొహాలు చూసి పంపించేస్తారు."

"ఎనిమిదో తరగతి పాసయిందెవరన్నయ్యా?"

"చదివించిందెవరు?" బాలస్వామి పీట మీంచి లేవబోయాడు. "నాన్న పోయేనాటికి నీకు ఆరేళ్ళు. క్వారీలో రాళ్ళు కొట్టి నీకు పలకలు, పుస్తకాలు కొనిందెవరు? ఇంకా చదువుకోరా అంటే నా వల్ల కాదని పారిపోయొచ్చిందెవరు?"

"కాదన్లా. అందుకే అడిగిన రోజున ఎందుకని కూడా అడక్కుండా సర్టిఫికెట్ పెట్టెలోంచి తీసిచ్చా. ముప్పై దాటినోళ్ళని తీసుకోరంట రా, నాకు ముప్పై తొమ్మిది అన్నావు. సరే అన్నా. పద్దెనిమిదేళ్ళయింది. ఎప్పుడన్నా మళ్ళీ ఇమ్మని అడిగానా?"

"మరి ఇప్పుడేంది?"

"ఇప్పుడు మొహం కూడా ఇమ్మంటన్నావు."

ప్రేమకుమారి కుడి కనుబొమ్మలో మిగిలిన వెంట్రుకలు పీకటం ముగించి, పేపరు మడిచింది. బయట రోడ్డు మీద ముక్త్యాల వైపు పోయే సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి.

"ఇంకో సంగతి," అన్నాడు డేవిడ్‌రాజు. ఈసారి వదిన వైపు తిరిగి చెప్పాడు. "జెరూషా స్కాలర్‌షిప్ కాగితం తిప్పి పంపారు."

"ఎందుకని?" ఉలిక్కిపడింది ప్రేమకుమారి. జెరూషా డేవిడ్‌రాజుకి ఒక్కతే కూతురు. నందిగామలో హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగు చదువుతోంది. అంతకుముందు ఇంటర్ చదివిన రెండేళ్ళూ ఈ ఇంట్లోనే ఉంది.

"ఆదాయం సర్టిఫికెట్ ఇవ్వలా. మండలాఫీసులో గుమాస్తా బావమరిది మీ ఫ్యాక్టరీలోనే చేస్తాడంట. డేవిడ్‌రాజు సన్నాఫ్ యోహాను, రెడ్డిగూడెం, పర్మనెంటు ఉద్యోగి గదా, ఆయన కూతురికి స్కాలర్‌షిప్ ఏందన్నాడంట. పిల్ల తిరిగి తిరిగి ఇంటికొచ్చి ఒకటే అడిగింది. నాన్నా, నువ్వు ఎవరివి అని."

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెబుతానొదినా? ఆ రోజు చెప్పా. ఇక్కడ పెదనాన్నని నా పేరుతో పిలవటం విన్నదంట గానీ, ఎందుకో అంతకుముందు దానికి తెలవదు."

"మాకు ఒక్క మాట చెప్పలేకపోయావా రాజూ?"

"చెబితే ఏం చేసేవాళ్ళు?"

ఏం చేసేవాళ్ళో ప్రేమకుమారికి తెలుసు. అయ్యో అని నాలుగు మాటలు అని, ఒక పూట అన్నం పెట్టి, బస్సెక్కించేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నది అదే.

ఆమె సిగ్గుతో తల వంచుకుని రంగు పొట్లం చింపింది. డబ్బా మూతలో నీళ్ళు పోసి కలిపి, అగ్గిపుల్ల చివర దూది చుట్టి, భర్త కనుబొమ్మల మీద పూయటం మొదలుపెట్టింది. ఒక చుక్క జారి చెంప మీద పడితే పమిట చెంగుతో గబగబా తుడిచింది.

"మండుతోందే," అన్నాడు బాలస్వామి.

"మండనివ్వండి."

పావుగంట ఆగి తడిగుడ్డతో తుడిచాక బాలస్వామి గోడకున్న అద్దం ముందు నిలబడ్డాడు. నున్నగా, సన్నగా, నల్లగా రెండు గీతలు. పదేళ్ళు రాలిపోయాయి. మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అంత కష్టంలోనూ ఒక్క క్షణం ముచ్చటపడ్డాడు. ఆ ముచ్చట చూసి ప్రేమకుమారికి ఒళ్ళు మండిపోయింది.

"వదినా, ఆ కత్తెర ఒకసారి ఇస్తావా?" అన్నాడు డేవిడ్‌రాజు.

"దేనికి?"

"ఆఫీసుకి పోతున్నాం గదా. మరీ ఇట్టా దయ్యంలా ఎందుకని. రెండు వెంట్రుకలు కత్తిరించుకుని, కాస్త నూనె రాసుకుంటా."

ఆమె కుట్టుమిషను మీదున్న కత్తెర అందుకుంది. బాలస్వామి ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కొంప ముంచుతావా? వాటి జోలికి పోవద్దు! నూనె కూడా వద్దు. అవి ఉన్నాయనే గదా నిన్ను పిలిపించింది!"

కత్తెర కింద పడింది. డేవిడ్‌రాజు అన్న మొహంలోకి, ఆ కొత్త నల్ల కనుబొమ్మల్లోకి చూశాడు. కోపం తెచ్చుకుంటాడని ప్రేమకుమారి ఎదురుచూసింది. కోపం తెచ్చుకుంటే బాగుండును. అతను తెచ్చుకోలేదు.

"అట్టాగే," అన్నాడు. "ఉండనీ."

"ఉండటం కాదు," బాలస్వామి గొంతు తగ్గించాడు. "సగం పైకి లేచున్నాయి. దువ్వెనతో ముందుకు లాగితే కళ్ళ మీదికొస్తాయి. ప్రేమా, నువ్వు చెయ్యి."

"నా వల్ల కాదు."

"కాదంటే ఎట్టా?"

"నా చేత చేయించొద్దండీ. మీకు దణ్ణం పెడతా. మీకు చేసిన చేత్తో రాజుకి ఆ పని నేను చెయ్యలేను."

లోపలి గదిలోంచి పిలుపు వినిపించింది. "బాబాయ్!"

ముగ్గురూ అటు తిరిగారు. ప్రేమానందం లేచాడన్నమాట. ఒక్కగానొక్క కొడుకు. మూడేళ్ళ కిందట గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీ గుద్దిన నాటి నుంచీ నడుం కింద స్పర్శ లేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడు గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. ఫ్యాక్టరీ మెడికల్ కార్డు మీద మందులొస్తాయి, కంపెనీ డాక్టరు వారానికోసారి వచ్చి చూస్తాడు, పుండ్లు ముదిరితే విజయవాడ పెద్దాసుపత్రికి పంపిస్తారు. ఉద్యోగం పోయిన మరుక్షణం ఇవన్నీ పోతాయి. క్వార్టరు సంగతి తర్వాత.

డేవిడ్‌రాజు లోపలికి వెళ్ళాడు. మాటలు వినపడలేదు. కాసేపటికి మంచం కిర్రుమంది. పిల్లవాణ్ణి పక్కకి తిప్పుతున్నాడని ప్రేమకుమారికి అర్థమైంది. ఆమె గుమ్మం దాకా వెళ్ళి, అడుగు ముందుకు పడక ఆగిపోయింది.

చాలాసేపటికి అతను తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"వెనకాల పుండు మళ్ళీ పచ్చిగా ఉందొదినా."

"మందు మారుస్తామన్నారు."

"కార్డు పోతే వాడు బతకడు," అన్నాడు. ఎవరితోనూ కాదు, తనతో తనే అనుకున్నట్టు. ఆ తర్వాత అన్న వైపు చూడకుండా అద్దం దగ్గరికి పోయి, మేకుకున్న దువ్వెన తీసుకున్నాడు. కుడి కనుబొమ్మ ముందుకు దువ్వుకున్నాడు. ఎడమది ముందుకు దువ్వుకున్నాడు. తెల్లటి వెంట్రుకలు కళ్ళని సగం కప్పేశాయి.

"చాలా?" అన్నాడు.

బాలస్వామి తలూపాడు.

"ఒక్కటే అడుగుతా అన్నయ్యా. ఇయ్యాల వేలిముద్ర వేసి నేను బాలస్వామినంటా. రేపు నేను చచ్చిపోతే మన చర్చి దొడ్డిలో శిలువ మీద ఏ పేరు రాయిస్తావు?"

"పొద్దున్నే ఏం మాటల్రా అవి!"

"అడిగినదానికి చెప్పు."

"నీ పేరే రాయిస్తా. ఎవరి పేరు రాయిస్తారు?"

"అప్పుడు ఫ్యాక్టరీలో నువ్వు చచ్చిపోయావనుకుంటారు," అన్నాడు డేవిడ్‌రాజు. "పదండి, ఆటో చూద్దాం."

పక్క క్వార్టరు జయమణిని పిల్లవాడి దగ్గర కూర్చోబెట్టి ముగ్గురూ బయల్దేరారు. ఆటోలో ఒకరి మోకాలు ఒకరికి తగులుతూ కూర్చున్నారు. ప్రేమకుమారి దోవ పొడుగునా ప్రార్థన చేద్దామనుకుంది. ఏమని చెయ్యాలో తోచలేదు. అబద్ధం నెగ్గాలని దేవుణ్ణి ఎలా అడగటం?

*

పర్సనల్ మేనేజరు ఉదయభాస్కర్ నలభై దాటని మనిషి. హైదరాబాదు నుంచి వచ్చి ఆరు నెలలైంది. గట్టిగా మాట్లాడడు. అరిచే మనిషైతే ఎలాగో ఓర్చుకోవచ్చు, ఈయన మర్యాదే ప్రేమకుమారిని ఎక్కువ భయపెట్టింది.

"ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడండి," అన్నాడు.

నిలబడ్డారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని బాలస్వామి మొహం చూశాడు. కనుబొమ్మల దగ్గర చూపు ఆగింది. పది రోజుల కిందట చూసినవి కావని ఆయనకి తెలిసిపోయినట్టే ఉంది.

"దిద్దించుకున్నావా?"

"మీరు అన్నారు గదా సార్, బాగాలేవని," అన్నాడు బాలస్వామి. ఆ మాట ముందే కూడబలుక్కుని పెట్టుకున్నాడు.

మేనేజరు రెండోవాడి వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళలోకి జాలి వచ్చింది.

"మీ వయసెంత పెద్దాయనా?"

"యాభై ఏడు సార్."

"నేనింకా ఎక్కువే అనుకున్నాను. కృష్ణయ్యా, ఆయనకి కుర్చీ వెయ్యి."

గుమాస్తా కృష్ణయ్య కుర్చీ తెచ్చి వేశాడు. డేవిడ్‌రాజు అంచు మీద కూర్చున్నాడు. అసలు పెద్దవాడు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఈయన మీ బావగారేనా?"

ప్రేమకుమారి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఈ మనిషి పదిహేనేళ్ళ పిల్లవాడు. ఆమె వండిపెట్టిన అన్నం తిని బడికి పోయినవాడు.

"అవునండి," అంది. "మా బావగారే."

"చదువుకున్నారా?"

"లేదు సార్," అన్నాడు డేవిడ్‌రాజు.

కృష్ణయ్య ఇంకు పెట్టె తెచ్చి, స్టేట్‌మెంటు రాసిన కాగితం ముందు పెట్టి, అతని బొటనవేలు తనే పట్టుకుని అద్ది కాగితం మీద ఒత్తాడు. చదువురాని మనుషుల చేతులు అలా పట్టుకోవటం అతనికి అలవాటు. వేలి గీతలు సగం అరిగిపోయి, ముద్ర మసకగా పడింది.

అయిపోయిందనుకుంది ప్రేమకుమారి. బాలస్వామి భుజాలు కాస్త కిందికి దిగాయి.

"నా మటుకు నాకు తృప్తిగా ఉంది," అన్నాడు మేనేజరు. "కానీ ఇంకొక్కటి మిగిలింది. ఈ ఉత్తరం ఎవరు రాశారో తేలకుండా ఫైలు మూసే అధికారం నాకు లేదు. పగతో రాసిందని రుజువైతే ఇక్కడితో సరి. లేదంటే మొత్తం హెడ్డాఫీసుకి పంపాలి. వాళ్ళు రెడ్డిగూడేనికి మనుషుల్ని పంపి ఇంటింటా అడిగిస్తారు. చేతిరాత చూడండి. గుర్తుపట్టగలరేమో."

సొరుగులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పరిచాడు.

చూడగానే ప్రేమకుమారి గుర్తుపట్టింది. గుండ్రటి అక్షరాలు, ప్రతి వాక్యం చివరా రెండు చుక్కలు. ప్రేమానందం మంచం పక్కన గోడకి అంటించిన మందుల కాగితం మీద రోజుకి నాలుగుసార్లు ఆమె చదువుకునే అక్షరాలే అవి. జెరూషా రాసిపెట్టి వెళ్ళిన కాగితం. ఈ ఇంట్లో ఉన్న రెండేళ్ళలో చివరి ఏడాదంతా పెదనాన్న కొడుకు పుండ్లు కడిగింది ఆ పిల్లే. కన్నతల్లి మొహం తిప్పుకున్న రోజుల్లో కూడా ఆ పిల్ల మొహం తిప్పుకోలేదు.

ఆమె మరిది వంక చూసింది. అతనూ గుర్తుపట్టాడు. కనుబొమ్మల చాటున కళ్ళు కాగితం మీదే నిలిచిపోయాయి. పాపం, ఈ సంగతి అతనికి ఇంతవరకూ తెలియదని ఆ చూపే చెప్పింది.

తెలియదని చెప్పేస్తే చాలు. ముగ్గురూ తెలియదంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? హెడ్డాఫీసు అంటే రేపు కాదు, ఎల్లుండి కాదు. ఈ లోపల ఏదో ఒక దారి దొరుకుతుంది. ఆమె తెలియదండి అనబోయింది.

"తెలుసు సార్," అన్నాడు బాలస్వామి.

ప్రేమకుమారి అతని చొక్కా లాగింది. అతను ఆ చెయ్యి విదిలించుకున్నాడు.

"మా అన్న కూతురు సార్. జెరూషా. నందిగామలో టీచర్ ట్రైనింగు చదువుతోంది. పొలం దగ్గర మాకూ వాళ్ళకీ తగాదా ఉంది. ఆ కోపంతో రాసింది."

పొలం లేదు. తగాదా లేదు.

"ట్రైనింగు చదివే పిల్లా?" మేనేజరు కలం మూత తీశాడు. "ఇది చిన్న విషయం కాదయ్యా. కంపెనీ మీద, ఉద్యోగి మీద అబద్ధపు ఫిర్యాదు. పోలీసులకి ఇవ్వాలి. వాళ్ళ కాలేజీకి కూడా రాయాల్సి ఉంటుంది."

"మీ ఇష్టం సార్."

"కేసు పెడితే ఆ అమ్మాయికి టీచరు ఉద్యోగం రాదు. తెలుసు గదా?"

బాలస్వామి కాదనలేదు. మేనేజరు కాగితం మీద జెరూషా పేరు రాసుకున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు డేవిడ్‌రాజు.

మేనేజరు తలెత్తాడు.

డేవిడ్‌రాజు ఆయన్ని చూడటం లేదు. పక్కన నిలబడ్డవాణ్ణే చూస్తున్నాడు. "దాని జోలికి ఎందుకు పోయావు? నన్నడిగావు, ఇచ్చా. ఏదడిగితే అది ఇచ్చా. దాన్ని ఎందుకు పెట్టావు మధ్యలో?"

"పెద్ద వయసు సార్," బాలస్వామి గబగబా అన్నాడు. "ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలవదు. మతి నిలకడ లేదు."

డేవిడ్‌రాజు లేచి నిలబడ్డాడు. బల్ల మీదికి వంగి, మేనేజరు చేతిలోని కలం మెల్లిగా తీసుకున్నాడు. కృష్ణయ్య అడ్డం రాబోతే మేనేజరు ఆగమన్నాడు. ఇంకు అంటిన వేలితోనే కలం పట్టుకుని, తన వేలిముద్ర కింద రాశాడు. తొందరపడలేదు. పొందికైన అక్షరాలతో, వత్తులు, దీర్ఘాలు ఎక్కడా తప్పకుండా రాశాడు. డేవిడ్‌రాజు, తండ్రి యోహాను, రెడ్డిగూడెం, ఎనిమిదో తరగతి.

"ఆ ఉత్తరం నేను రాశా సార్," అన్నాడు. "నా కూతురు కాదు. నాకు రాయటం వచ్చు."

రెండు రాతలూ కలిశాయో లేదో మేనేజరు చూడనే లేదు. ఆయన చూసింది ఆ పేరునే. కలం తీసుకుని మూత పెట్టాడు. నల్ల కనుబొమ్మల మనిషిని చూశాడు, తెల్ల కనుబొమ్మల మనిషిని చూశాడు. తర్వాత ప్రేమకుమారి వైపు తిరిగాడు.

"అమ్మా, మిమ్మల్ని ఒక్కసారే అడుగుతాను. మీరు ఏది చెబితే అదే రాసుకుంటాను. ఈ ఇద్దరిలో డేవిడ్‌రాజు ఎవరు?"

బాలస్వామి ఆమె వంక చూశాడు. బతిమాలుతున్నాడు, బెదిరిస్తున్నాడు, రెండూ ఆ చూపులోనే ఉన్నాయి. పొద్దుటి నుంచీ ఆమె తన చేతుల్తో తీర్చిదిద్దిన కనుబొమ్మలు అవి. ఇప్పుడు ఆ మొహం ఆమెకి ఎవరిదోలా ఉంది.

భర్తని కాపాడాలని ఆమెకి లేకపోలేదు. కొడుకు నడుం మీద అరచెయ్యంత పుండు కళ్ళ ముందు కదిలింది. దాన్ని కడుగుతున్న జెరూషా చేతులు కూడా కదిలాయి. రెంటిలో ఒకటి వదిలెయ్యమంటే ఏ తల్లి ఏది వదులుతుంది? ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవలేదు.

"రాసినాయనే సార్ డేవిడ్‌రాజు," అంది. "ఆయన నా మరిది. ఈయన పెద్దవాడు."

మేనేజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కృష్ణయ్య తలుపు దగ్గరగా వేశాడు. డేవిడ్‌రాజు, అప్పటిదాకా నిబ్బరంగా నిలబడ్డవాడు, కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

బాలస్వామి కోప్పడలేదు. భార్య దగ్గరికి ఒక అడుగు వేసి, మిగతావాళ్ళకి వినపడకూడదన్నట్టు చాలా నెమ్మదిగా అడిగాడు.

"మరి పిల్లోడి సంగతేందే?"